స్పీడ్ గన్నుకి సీలెవరేస్తారు?

మా వైపు, అంటే నెల్లూరు జిల్లాకి పడమటి కొసన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలో, పాత బళ్ళలో స్పీడోమీటరు ముల్లు ఒక అలంకారం. కొన్నిట్లో సున్నా దగ్గరే నిద్రపోతూ ఉంటుంది. కొన్నిట్లో బండి గుంతలో పడ్డప్పుడల్లా వంద దాకా పోయి వస్తుంది. ఎవరూ పట్టించుకోరు. బండి ఎంత స్పీడులో పోతోందో ఇంజను చప్పుడుని బట్టి, కిటికీలోంచి కొట్టే గాలిని బట్టి చెప్పేస్తారు. అదే పెట్రోలు ముల్లు చెడిపోయిందనుకోండి, ఆ రోజే మెకానిక్ దగ్గరికి పరిగెత్తుతారు. పెట్రోలు అయిపోతే బండి ఆగిపోతుంది, స్పీడోమీటరు చెడిపోతే ఆగదు కదా. లాజిక్ కరెక్టే.

చెయ్యెత్తి బండి ఆపే కానిస్టేబులు ఉన్నన్నాళ్ళూ ఈ లాజిక్ బాగానే నడిచింది. "మీటరు పనిచేయడంలా సార్" అంటే ఆయన నవ్వడమో, తిట్టడమో చేసేవాడు. ఏదో ఒక మాట నడిచేది. ఇప్పుడు ఆపే మనిషి లేడు. రెండ్రోజుల తర్వాత ఫోనుకి మెసేజీ వస్తుంది. ఫోటో, నంబరు ప్లేటు, టైము, మీ వేగం ఇంత, పరిమితి ఇంత, కట్టవలసింది ఇంత. మెసేజీతో ఏం వాదిస్తాం?

ఆ మధ్య ఆ మెసేజీ మా బాబాయికి వచ్చింది. ఆయనకి ఉదయగిరిలో చిల్లర కొట్టుంది. సరుకు కోసం వారానికోసారి ఆత్మకూరు, నెలకోసారి నెల్లూరు, సెకండ్ హ్యాండులో కొన్న ఒక పాత వ్యాను వేసుకుని పోయొస్తుంటాడు. పరిమితి 60, మీ వేగం 72, జరిమానా వెయ్యి. ఇంట్లో ఒక ఇంజనీరు ఉన్నాడు కాబట్టి ఫోను సహజంగా నాకొచ్చింది. మనందరికీ తెలిసిందే కదా, సాఫ్ట్‌వేర్ ఇంజనీరంటే ప్రింటరు బాగు చేసేవాడు, రైలు టికెట్టు తీసిపెట్టేవాడు. ఇప్పుడు చలానా కొట్టేయించేవాడు కూడా.

"అమ్మతోడు అబ్బయ్యా, అరవై దాటలా. ముల్లు చూస్తానే ఉండా. అరవై మీదనే నిలబడుంది. ఆ కెమెరాలో ఏదో బగ్గు ఉందిరా, నువ్వు తీసేయించు."

బగ్గు అనే మాట ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలుసు, నా దగ్గరే :)

మా బాబాయి అబద్ధం చెప్పే మనిషి కాదు. కాబట్టి రెండే దారులు. పోలీసు మీటరు తప్పై ఉండాలి, లేదా బాబాయి మీటరు తప్పై ఉండాలి. రెండోదే నిజమైతే చట్టం ఏమంటుందో చూద్దామని మోటారు వాహనాల చట్టం, 1988 తెరిచాను. మీకు ఓపిక ఉంటే ఒకసారి చదవండి, మన ప్రాజెక్టుల్లో రాసే స్పెసిఫికేషన్ల కంటే శుభ్రంగానే ఉంటుంది.

వేగపరిమితి దాటితే శిక్ష 183వ సెక్షన్. 2019 సవరణకి ముందు మొదటిసారి దొరికితే 400 దాకా ఉండేది, 2019 సెప్టెంబరు 1 నుంచి కార్లకీ చిన్న బళ్ళకీ వెయ్యి నుంచి రెండు వేలు చేశారు. ఆ సెక్షన్‌లో నేను వెతికింది "తెలిసి" అనే మాట కోసం. తెలిసి నడిపితేనా, తెలియక నడిపినా కూడానా? ఆ మాట లేదు. పరిమితి దాటి నడిపినవాడు ఎవడైనా సరే, అంతే. నడిపేవాడి మనసులో ఏముంది, వాడి ముల్లు ఎక్కడుంది అన్నది ఆ సెక్షన్‌కి అక్కర్లేదు. బ్రిటన్‌లో కూడా అంతే, మీటరు చెడిపోయిందంటే జరిమానా తగ్గించమని బతిమాలుకోవచ్చేమో గానీ తప్పే జరగలేదని అనడానికి లేదు.

అంతటితో అయిపోలేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 117వ రూలు ప్రకారం బండికి స్పీడోమీటరు ఉండాలి, అది నడిపేవాడికి వేగం చూపించాలి. చట్టంలో 190వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేస్తుంది. బండిలో ఉన్న లోపం తెలిసి గానీ, మామూలు జాగ్రత్త తీసుకుని ఉంటే తెలిసిపోయేది గానీ అయి, దానివల్ల రోడ్డు మీద జనానికి ప్రమాదం ఉంటే, ఆ బండి నడిపినందుకు 1500 దాకా జరిమానా. స్పీడోమీటరు లోపం ఆ కిందకి వస్తుందా రాదా అన్నది కోర్టు తేల్చాలి, వాదించడానికి మాత్రం చోటుంది. అంటే "నా మీటరు చెడిపోయింది సార్" అని రాసిచ్చామనుకోండి, వెయ్యి తప్పించుకోబోయి పదిహేనొందలకి మన చేత్తో మనమే కాగితం రాసిచ్చినట్టు.

ఆ చదువులోనే 183లో ఒక ముత్యం దొరికింది, విషయం కాకపోయినా చెప్పకుండా ఉండలేను. నాలుగో ఉపసెక్షన్. ఫలానా టైములోగా ప్రయాణం పూర్తి కావాలని ఎవరైనా టైమ్‌టేబులు వేస్తే, పరిమితి దాటకుండా ఆ టైములో చేరడం కుదిరే పని కాదని కోర్టుకి అనిపిస్తే, ఆ టైమ్‌టేబులే దాన్ని వేసినవాడు నేరం చేశాడనడానికి ప్రాథమిక సాక్ష్యం. బస్సుల కోసం రాసింది లెండి. మన ప్రాజెక్టు ప్లానులకి కూడా వర్తింపజేస్తే ఎంతమంది మేనేజర్లు బోనెక్కుతారో!

సరే, అసలు విషయానికొస్తే. పండక్కి ఊరెళ్ళినప్పుడు బాబాయి వ్యాను తీసుకుని ఆత్మకూరు రోడ్డు మీద పరీక్ష పెట్టాం. బాబాయి స్టీరింగు దగ్గర, నేను పక్కన ఫోను పట్టుకుని. ఫోనులో జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వచ్చే సిగ్నల్లో తేడాని బట్టి వేగం లెక్కగడుతుంది. తిన్నటి రోడ్డు మీద ఒకే వేగంతో కాసేపు పోతే కిలోమీటరు అటూ ఇటూగా సరిగ్గానే చెబుతుంది. రోడ్డు ఖాళీగా ఉన్న తెల్లవారుజామున మొదలెట్టాం. ముల్లు 40 మీదుంటే ఫోనులో 47. ముల్లు 50 మీదుంటే 58. ముల్లు 60కి వచ్చేసరికి 70, 71 మధ్య ఊగింది. నాలుగు సార్లు చూశాం, అటు నుంచి ఇటు కూడా చూశాం. అవే అంకెలు.

చలానాలో ఉన్నది 72.

అంటే పోలీసు తుపాకీ సరిగ్గానే చెప్పింది. బాబాయి కూడా నిజమే చెప్పాడు. ముల్లు అరవై మీదే ఉంది, బండి మాత్రం డెబ్భై దాటి పోతోంది.

ఆయన బండి పక్కకి ఆపి కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను వెయ్యి రూపాయల గురించి బాధపడుతున్నాడేమో అనుకున్నా. "అంటే మూడేళ్ళ నుంచీ నేను ఇట్టనే పోతా ఉండానా? బడి కాడ ముప్పై అనుకుంటా ముప్పై అయిదులో పోయినానా?" అన్నాడు. మా దారిలో గొర్రెల మందలు, బడి పిల్లలు, సైకిళ్ళ మీద పాల క్యాన్లు అన్నీ ఒకే తారు మీద నడుస్తాయి. 60తో పోయే బండి 72తో పోతే దాని గుద్దుడు బలం 44 శాతం పెరుగుతుంది, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాలు పోయే ప్రమాదం 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ లెక్కలు ఆయనకి చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

మామూలుగా మీటర్లు ఇటువైపు తప్పు చూపించవు. కొత్త కారున్నవాళ్ళు ఈసారి గమనించండి, ముల్లు వంద మీదుంటే జీపీఎస్ తొంభై అయిదో, తొంభై ఆరో చూపిస్తుంది. అది కావాలని చేసేదే. ఐక్యరాజ్యసమితి 39వ నియమం ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ ఎప్పుడూ చూపించకూడదు, ఎక్కువ చూపిస్తే మాత్రం అసలు వేగంలో పదో వంతు, దానికి పైన ఇంకో 4 కిలోమీటర్ల దాకా ఫరవాలేదు. అంటే అసలు 80లో పోతుంటే 80 నుంచి 92 దాకా ఏది చూపించినా సరే, 79 మాత్రం కూడదు. అందుకని కొత్త కారు నడుపుతూ "నా మీటరు తప్పు చూపించింది" అనేవాళ్ళ వాదన మొదట్లోనే కుంటిది. కంపెనీ వేసినదానికంటే పెద్ద టైర్లు వేయించుకుంటే తప్ప. 155/80 ఆర్13 తీసి 175/70 ఆర్14 వేశారనుకోండి, చక్రం వ్యాసం దాదాపు 4 శాతం పెరుగుతుంది. చక్రం ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, మీటరుకి ఆ సంగతి తెలియదు.

బాబాయి వ్యాను సంగతి టైర్లు కాదు. ఆత్మకూరులో మెకానిక్ డాష్‌బోర్డు విప్పి చూసి నవ్వాడు. ఆ మీటరు ఆ బండిదే కాదు. మాకు ముందు వాడినవాళ్ళెవరో ఇంకో మోడల్ మీటరు తెచ్చి బిగించారు. పాత మీటర్లలో గేర్‌బాక్సు నుంచి ఒక కేబులు వచ్చి లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నెని ఆ తిరుగుడు లాగుతుంది, ఒక సన్నటి స్ప్రింగు వెనక్కి లాగుతుంది, రెండిటి మధ్యా ముల్లు నిలబడుతుంది. బెర్లిన్‌లో ఓటో షుల్జ్ అనే ఆయన 1902లో పేటెంటు తీసుకున్న పద్ధతి, వందేళ్ళు నడిచింది. కాకపోతే కిలోమీటరుకి కేబులు ఇన్ని చుట్లు తిరుగుతుందనే లెక్క మీద ఒక్కో మీటరూ తయారవుతుంది. వేరే బండి మీటరు బిగిస్తే ఇన్‌పుట్ ఒక యూనిట్‌లో ఇచ్చి అవుట్‌పుట్ ఇంకో యూనిట్‌లో చదువుకున్నట్టే.

ఇక్కడితో కథ అయిపోవాలి. చలానా సరైనదే, కట్టేయడమే. నేను అదే చెప్పాను. కానీ బాబాయి వేరే ప్రశ్న వేశాడు, దానికే నేనిదంతా రాస్తున్నా.

"సరేరా, నా మీటరు తప్పు. ఒప్పుకున్నా. కొట్లో నా కాటాకి తూనికలోళ్ళు ఏటేటా సీలేస్తారు గదా. ఒకేడు సీలు లేకపోతే కేసు రాస్తారు. నేను ఒక్క గ్రాము మోసం చేయకపోయినా రాస్తారు. మరి ఆ తుపాకీకి సీలెవరేస్తారు?"

ఇంకో మాట కూడా అన్నాడు. చాలా ఏళ్ళ కిందట పాత కాటా కొంచెం తేడా చూపిస్తుంటే పట్టుకున్నారట. "స్ప్రింగు సాగిపోయిందయ్యా, నాకు తెలియదు" అంటే వినలేదట. "తెలుసుకోవాల్సింది నువ్వే" అన్నారట. ఆ మాట ఆయనకి న్యాయంగానే తోచింది, కట్టేశాడు. ఇప్పుడు అదే మాట అవతలివాళ్ళని కూడా అడగాలంటాడు.

చూస్తే, ఆ ప్రశ్న అడిగే హక్కు చట్టంలో మొదటి నుంచీ ఉంది. 183లోనే మూడో ఉపసెక్షన్: ఫలానా బండి పరిమితి దాటిందని ఒక్క సాక్షి తన అభిప్రాయం చెబితే దాంతోనే శిక్ష వేయకూడదు, ఆ అభిప్రాయం ఒక పరికరంతో కొలిచిన లెక్క మీద ఆధారపడి ఉండాలి. అంటే కేసు మొత్తం నిలబడేది పరికరం మీదే. పరికరం సరైనదని ఎవరు చెప్పాలి? 2021 ఆగస్టులో కేంద్రం చేర్చిన 167ఎ రూలు కొంత చెప్పింది. కెమెరాలు, స్పీడ్ గన్నుల్లాంటి వాటికి రాష్ట్రం నియమించిన అధికారి దగ్గర ఆమోద పత్రం ఉండాలి, ఏటేటా రెన్యువల్ చేయించాలి. ఇక్కడ కొలుస్తున్నాం అని ముందుగా బోర్డు పెట్టాలి. నోటీసులో ఫోటోతో పాటు పరికరం కొలిచిన అంకె కూడా ఉండాలి.

అంతకంటే బాబాయికి నచ్చింది ఇంకోటుంది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, వేగం కొలిచే రాడార్ పరికరాలకి లీగల్ మెట్రాలజీ నియమాలు ప్రకటించింది, జూలై 1 నుంచి అమలు అని. అంటే వాటిని పరీక్షించి సీలు వేశాకే వాడాలి. లీగల్ మెట్రాలజీ అంటే మన తూనికలు కొలతల శాఖే. కిరాణా కొట్టు కాటాకి, పెట్రోలు బంకు పంపుకి, స్పీడ్ గన్నుకి ఒకే చట్టం. ఈ సంగతి ఫోనులో చదివి వినిపిస్తే బాబాయి మొహంలో వెలుగు చూడాలి. "మా వోళ్ళేనా!" అన్నాడు, ఏదో చుట్టరికం కలిసినట్టు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, రాడార్ గన్నులు మరీ అన్యాయమైనవేం కాదు. రోడ్డుకి పక్కగా నిలబడి కొలిస్తే కోణం వల్ల అసలు వేగం కంటే తక్కువే వస్తుంది, మనకే లాభం. 20 డిగ్రీల కోణంలో 72తో పోయే బండికి 68 కూడా రాదు. అసలు చిక్కు వేరే చోట. రాడార్ పుంజం దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది, చిన్న బండి వెనకాల పెద్ద లారీ ఉంటే ఎవరి వేగం ఎవరికి అంటుకుంటుందో చూసుకోవాలి. లేజర్ అయితే సన్నగా పోతుంది. బాబాయి ఫోటోలో లారీ ఏదీ లేదు. వ్యాను, పైన బియ్యం బస్తాలు, వెనక ఖాళీ రోడ్డు.

పరికరం తప్పు కాకపోయినా వ్యవస్థ తప్పు చేయొచ్చు. 2019లో ఢిల్లీలో 24వ నంబరు జాతీయ రహదారి మీద అదే జరిగింది. బోర్డు మీద 70 అని ఉంటే కెమెరాలు 60 దాటినవాళ్ళందరికీ చలానాలు పంపాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వెళ్ళిన దాదాపు ఒకటిన్నర లక్షల చలానాలని పోలీసులే వెనక్కి తీసుకున్నారు. కాన్ఫిగరేషన్‌లో ఒక్క అంకె. ప్రొడక్షన్‌లో రెండు నెలలు. మనలో ఎంతమందికి ఇది కొత్త?

అడిగినవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా అంటే, అమెరికాలో దిమిత్రి క్రియుకోవ్ అనే భౌతికశాస్త్రవేత్త ఉన్నాడు. స్టాప్ గుర్తు దగ్గర ఆగలేదని జరిమానా వేస్తే, పక్క నుంచి చూసే పోలీసుకి ఆగిన కారు ఆగనట్టు ఎలా కనిపిస్తుందో సమీకరణాలతో పేపరు రాసి 2012లో ఆర్కైవ్‌లో పెట్టాడు. జరిమానా తప్పింది. చదవడానికి సరదాగా ఉంటుంది. కానీ జరిమానా తప్పించుకోడానికి భౌతికశాస్త్రంలో డాక్టరేటు కావాల్సిన వ్యవస్థని చూసి మురిసిపోవాల్సిందేమీ లేదు.

మన దగ్గర ఎందుకు అడగరో అందరికీ తెలుసు. ఒప్పుకోనంటే కోర్టుకి పోవాలి. కోర్టుకి పోవడమంటే బాబాయికి కొట్టు మూయడం, బస్సు చార్జీలు, వకీలు ఫీజు, వాయిదా పడితే మళ్ళీ అవన్నీ. మనకైతే రెండు సెలవులు. ఫోనులో కడితే అర నిమిషం. ఇంత తేడా ఉన్నప్పుడు వెయ్యి రూపాయల కోసం ఎవరు అడుగుతారు? పైగా మధ్యమధ్యలో డిస్కౌంట్లొకటి. తెలంగాణలో 2022 మార్చిలో టూ వీలర్ వాళ్ళని పాతిక శాతం, కార్ల వాళ్ళని సగం కడితే చాలన్నారు. 2023 డిసెంబరులో మళ్ళీ, టూ వీలర్లకి 80 శాతం, కార్లకి 60 శాతం తగ్గింపు. క్యూ కట్టి కట్టారు. ఆషాఢం సేల్‌లో చీర కొనుక్కున్నంత ఆనందంగా. నేరం అని ఒకరు, కాదని ఇంకొకరు అనుకోవాల్సిన చోట అది కరెంటు బిల్లులాంటిదైపోయింది. బిల్లు ఎవరైనా కోర్టులో వాదిస్తారా?

దీంట్లో నాకు నచ్చనిది ఇదే. ఎవరూ టికెట్ తెరవకపోతే బగ్గు లేనట్టు కాదు అని మనకి బాగా తెలుసు. కస్టమరు కంప్లైంటు చేయడానికి మూడు రోజులు పట్టేట్టు పెట్టి, కంప్లైంట్లు సున్నా అని రిపోర్టు చూపించే టీములో పనిచేసినవాళ్ళు ఇది చదివేవాళ్ళలోనే ఉంటారు. చలానా సరైనదైనా సరే, దాని వెనకున్న కాగితం అడిగితే చూపించాలి. అడగడం ఒప్పుకోకపోవడంతో సమానం కాకూడదు. నన్నడిగితే పరికరం నంబరు, ఏ తారీకున సీలు వేశారు, ఎప్పటిదాకా చెల్లుతుంది అన్నవి చలానా మీదే అచ్చువేయొచ్చు. మా బాబాయి కాటా మీద ఉంటాయి కదా.

చివరికి ఏం చేశామంటే, బాబాయి జరిమానా కట్టేశాడు. నేను ఎంత చెప్పినా రాయితీ వచ్చేదాకా ఆగడానికి ఒప్పుకోలేదు, "డెబ్భై రెండులో పోయినాను, కట్టాల" అన్నాడు. కట్టాక సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. ఫలానా తారీకున ఫలానా చోట వాడిన పరికరానికి ఆమోద పత్రం, తనిఖీ పత్రం నకళ్ళు ఇవ్వమని. పది రూపాయల ఫీజు, ముప్ఫై రోజుల గడువు. ఆఫీసులో నేరుగా ఇద్దామని పోతే కౌంటరు దగ్గరున్నాయన మర్యాదగానే అడిగాడు, "కట్టేశారు కదన్నా, ఇంక ఇదెందుకు?" అని. బాబాయి కాటా సంగతి మొదలెట్టబోయాడు, నేను బయటికి లాక్కొచ్చా. స్పీడ్ పోస్టులో పంపాం. పద్దెనిమిది రోజులైంది. ఉదయగిరి కోట పట్టుకోడానికి రాయలవారికే ఏడాదిన్నర పట్టిందంటారు, చూద్దాం.

వ్యానుకి దాని సొంత మీటరు వెతికి బిగించాడు మెకానిక్. జీపీఎస్‌తో సరిచూశా, ఇప్పుడు ముల్లు 60 మీదుంటే ఫోనులో 58. నిన్న బాబాయి ఫోను. ఆత్మకూరు పోయి రావడానికి ముందుకంటే పావుగంట ఎక్కువ పడుతోందట. "ఆ మెకానిక్ ఇంజన్లో కూడా ఏదో గెలికినాడురా అబ్బయ్యా, బండి ముందున్నంత లాగటంలా" అంటున్నాడు.